ఇంట్లో రెండో డ్రైవర్

మార్చి 3, సోమవారం

వదిన పనిచేసే ప్రెస్సులో కంప్యూటర్లు మారుస్తున్నారు. ఏప్రిల్ ఒకటి నుంచి అన్నిట్లోనూ ఫ్రీ సాఫ్ట్‌వేరే. ఈ వార్త విని నేను ఎగిరి గంతేయాలి. జనవరిలో ఆ ప్రెస్సుకి వెళ్ళి, గంటన్నర మాట్లాడి, మేనేజరు గారిని ఒప్పించింది నేనే.

గంతేయలేదు. వదిన పలకకి ఆ కొత్త కంప్యూటర్లలో డ్రైవర్ లేదు.

పలక అన్నది వదిన పెట్టిన పేరు. కీబోర్డంత ఉంటుంది. పైన వరసగా నలభై గళ్ళు. ఒక్కో గడిలో సన్నటి మొనలు లేస్తుంటాయి, పడిపోతుంటాయి. తెర మీది వాక్యం అక్కడ బ్రెయిలీ చుక్కలై వేళ్ళ కిందికి వస్తుంది. కంప్యూటర్ చేత అలా పంపించే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. వదినకి తొమ్మిదేళ్ళప్పుడు చూపు పోయింది. పదహారేళ్ళుగా బ్రెయిలీ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతోంది. ఆమె చెయ్యి పడకుండా అక్కడి నుంచి ఒక్క పుస్తకం బయటికి రాదు.

పలక పనిచేయకపోతే ముందు గదిలో ఫోన్ల దగ్గర కూర్చోబెడతారట. అక్కడ కుర్చీ మెత్తగా ఉంటుందని సూపర్‌వైజర్ గారు ఓదార్చారట. ఇది చెప్పి వదిన నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మార్చి 4, మంగళవారం

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. అది అయ్యాక మిగిలిన టైమంతా ప్రాజెక్టుకే. తెర మీది మాటల్ని బ్రెయిలీ పలకలకి పంపే ప్రోగ్రామ్ మాది. ఎక్కడెక్కడి వాళ్ళమో కలిసి రాస్తున్నాం. అందులో ప్రతి అక్షరాన్నీ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దాని బాగోగులు చూసే నలుగురిలో నేనొకదాన్ని. ఏడేళ్ళుగా.

మా ప్రోగ్రామ్ ముప్పై ఒక్క రకాల పలకల్ని గుర్తుపడుతుంది. మా ఇంట్లో ఉన్నదాన్ని తప్ప. పాత కంప్యూటర్లో కంపెనీవాళ్ళ డ్రైవర్‌తో వదినకి హాయిగా నడిచిపోతోందని ఎవరం పట్టించుకోలేదు. ఎవరం ఏమిటి, నేను.

ప్రెస్సులో కంప్యూటర్లు చూసే ఆయనకి ఫోన్ చేశాను. పద్ధతిగా రిలీజైన ప్యాకేజీలో ఉంటేనే పెడతాను, ఇంట్లో వండుకొచ్చినవి పెట్టనండీ అన్నాడు. ఆయన చోట నేనున్నా అదే అంటాను.

మా రిలీజు 31న. 28 శుక్రవారం సాయంత్రం ఆరు దాటితే కొత్తవేవీ తీసుకోం. ఆ రూలు పెట్టింది కూడా నేనే.

పలక తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాశాను.

మార్చి 8, శనివారం

కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఎంత మర్యాదో. మీలాంటి డెవలపర్ల కోసమే ఒక కిట్ ఉంది, డౌన్‌లోడ్ చేసుకోండి అంటూ లింకు పంపారు. పలకతో ఎలా మాట్లాడాలో మొత్తం అందులో ఉంది. ఏ బైటు ముందు పంపాలి, ఏది తర్వాత, ఎక్కడ తడబడుతుంది, అన్నీ. పొద్దున్నుంచి కుర్చీలోంచి లేవలేదు. కాఫీ మూడుసార్లు చల్లారింది. మూడోసారి అన్నయ్యే తాగేశాడు.

మార్చి 9, ఆదివారం

పలక లేచింది.

మధ్యాహ్నం నాలుగింటికి వదినని పిలిచి నా లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. తను ఇప్పుడు దిద్దుతున్న పాఠం తెరిచాను, ఆరో తరగతి రేఖాగణితం. వేళ్ళు ఎడమ నుంచి కుడికి జారాయి, మళ్ళీ మొదటికి వచ్చాయి. మొహమంతా విప్పారింది. రెండో వరసలోనే ఒక తప్పు పట్టేసింది. త్రిభుజానికి నాలుగు భుజాలు రాశాడమ్మా మహానుభావుడు అంది.

అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. డ్యూటీ నుంచి వచ్చి, ఏమిటీ సందడి అన్నాడు. డ్రైవర్ రాశాను అన్నాను. ఒక డ్రైవర్‌తోనే వేగలేకపోతున్నాను, ఇంట్లోకి రెండోదాన్ని తెచ్చావా అంది వదిన.

పది నిమిషాలు చదివింది. ఆ పది నిమిషాలూ నేను పాఠం చూడలేదు, తన వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 10, సోమవారం

డ్రైవర్ని ప్రాజెక్టుకి పంపాను. గంటలో పెద్దాయన ఫోన్ చేశారు. కోర్టులో రికార్డులు చూసి రిటైరైన మనిషి. మాకు వచ్చే ప్రతి ముక్కా ఎవరిది, ఏ షరతు మీద వచ్చిందని ఆయనే చూస్తారు. మేమంతా ఆయన్ని పెద్దాయన అనే అంటాం.

ఒకటే ప్రశ్న అడిగారు. కిట్ తెరిచే ముందు ఏదైనా ఒప్పందం మీద నొక్కావా అమ్మా?

నొక్కాను. పద్నాలుగు పేజీలు. చదవలేదు. వదిన పలక తప్ప ఆ రోజు నా కంటికి ఏదీ కనపడలేదు.

ఆయన చదివారు. తొమ్మిదో పేజీలో ఉందట: కిట్‌లో ఉన్నదంతా రహస్యం, దాన్ని చూసి రాసిన ప్రోగ్రామ్ సోర్సు, అంటే మనం రాసిన అసలు అక్షరాలు, ఎవరికీ చూపించకూడదు. మా దగ్గరేమో సోర్సు చూపించని ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు.

మరి నేనేం చేయాలండీ అన్నాను. నువ్వేమీ చేయకూడదమ్మా, అదే చెబుతున్నాను అన్నారు. చాలా మెల్లగా అన్నారు. గట్టిగా తిట్టినా బాగుండేది.

మార్చి 11, మంగళవారం

తీసేశాను.

మార్చి 12, బుధవారం

నిన్న ఆ ఒక్క మాట తప్ప రాయలేకపోయాను. డ్రైవర్ తీసేసినప్పుడు వదిన పక్కనే ఉంది. మొనలన్నీ ఒక్కసారి కిందికి దిగిపోయాయి. తన వేళ్ళు కాసేపు ఆ నున్నటి గళ్ళ మీదే ఉన్నాయి.

నాకొక పాడు ఆలోచన వచ్చింది. దాచుకోను, ఇక్కడ రాస్తాను. ఆ డ్రైవర్నే పేర్లు మార్చి, వరసలు మార్చి, వేరే ఎవరి చేతో పంపించొచ్చు. ఎవరూ కనిపెట్టలేరు. ఈ పూట వదినతో అన్నాను కూడా. వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. చెయ్యి ఆగిపోయింది.

"పదహారేళ్ళుగా నేను ఒకరి తప్పులు పట్టే తింటున్నాను. నా కోసం నువ్వు తప్పు దాస్తావా? నా మొహం చూసి చెప్పు."

చూడలేకపోయాను. రేపెప్పుడో బయటపడి కంపెనీవాళ్ళు ప్రోగ్రామ్ మొత్తాన్ని ఆపిస్తే, ఆ ముప్పై ఒక్క రకాల పలకల వాళ్ళ చేతుల కింద కూడా చుక్కలు పడిపోతాయి కదా అంది. నేను రాత్రీపగలూ అందరికీ చెప్పే మాటే అది. నాకు తిరిగి చెప్పించుకోవాల్సొచ్చింది.

మళ్ళీ తనే అంది. పలక నాది. నేనే వెళ్ళి కొనుక్కొచ్చుకున్నాను. నువ్వు నొక్కిన ఒప్పందం నేను నొక్కలేదు. పాత కంప్యూటర్ దానికేం పంపిస్తోందో, అప్పుడు ఏ చుక్క లేస్తోందో నేనే పట్టుకుని రాసుకుంటే? నా వస్తువుని నేను తడిమి చూసుకోవడానికి ఒకరి పర్మిషన్ ఎందుకు?

తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మార్చి 13, గురువారం

పెద్దాయన వదిన పలకతో పాటు డబ్బాలో వచ్చిన కాగితాలన్నీ స్కాన్ చేసి పంపమన్నారు. రెండుసార్లు చదివారట. కొన్న మనిషి తన వస్తువు ఏం చేస్తోందో గమనించకూడదని ఎక్కడా లేదు, చేసుకోండి అన్నారు. రెండు షరతులు. కోడ్ రాసేది కిట్‌ని ఎన్నడూ చూడని మనిషి అయ్యుండాలి, వదిన నోట్సు ఒక్కటే చూసి రాయాలి. నేను కోడూ చూడకూడదు, నోట్సూ చూడకూడదు, సలహా ఇవ్వకూడదు.

కోడ్ రాయడానికి గడియారం ఒప్పుకున్నాడు. వేరే ఊళ్ళో వాచీలు బాగుచేసే ఆయన. ప్రాజెక్టులో అందరూ ఆయన్ని గడియారం అనే పిలుస్తారు. చెప్పిన టైముకి ఏ పనీ ఇవ్వడు కాబట్టి వచ్చిన పేరు. ఈసారి ఇస్తానన్నాడు.

మార్చి 15, శనివారం

వదిన ప్రెస్సులోని పాత కంప్యూటర్‌ని ఇంటికి తెచ్చుకుంది. సూపర్‌వైజర్ గారే ఆటో ఎక్కించారట. వైరు మీద నడిచే అంకెలన్నిటినీ రాసిపెట్టే ప్రోగ్రామ్ ఒకటి గడియారం చెప్పగా తనే పెట్టుకుంది. పాత కంప్యూటర్లో ఒక మాట టైప్ చేస్తుంది. ఏ అంకెలు వెళ్ళాయో కంప్యూటర్ గొంతు చదువుతుంటే హెడ్‌ఫోన్‌లో వింటుంది. పలక తడిమి ఏ చుక్కలు లేచాయో చూస్తుంది. రెండూ శుభ్రంగా రాసి గడియారానికి పంపుతుంది.

ముందు గదిలో వదిన. వెనక గదిలో నేను, తలుపేసుకుని. తలుపు సందులోంచి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని వదిన పైకి అనుకోవడం వినిపిస్తోంది. ఒక్కో చుక్కకి ఒక్కో అంకె. గంటలో పట్టేసింది. నాకు కిట్‌లో ఆ పేజీకి రావడానికే గంట పట్టింది.

మార్చి 16, ఆదివారం

భోజనాల దగ్గర వదిన ఏదో పైకే అనుకుంటోంది. వరస మొదట్లో ఏదో ఒకటే అంకె ప్రతిసారీ వస్తోంది, అదేమైనా తలుపు తట్టడం లాంటిదా అని. నేను గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను.

ఆహా, అదే అన్నమాట అంది వదిన.

నేనేమీ అనలేదే అన్నాను. అననక్కర్లేదు, సరైన మాట అనగానే నీ ఊపిరి ఆగిపోతోంది అంది. అన్నయ్య కూడా ఒప్పుకున్నాడు. మొహమైతే ఇంకా అన్యాయం, బస్సు ముందు బోర్డులా అంతా రాసి ఉంటుంది అన్నాడు.

ఎవరం నవ్వలేదు. ఇలా తెలుసుకున్నది తను కనుక్కున్నట్టు కాదు. ఆ అంకెని నోట్సులోంచి కొట్టేసి, రేపు నేను లేకుండా మళ్ళీ మొదటి నుంచి చూస్తానంది.

బట్టలు సర్దుకున్నాను. ఆసుపత్రిలో నా పక్క సీటావిడ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. 28 వరకు అక్కడే. వదినే నా సంచిలో తువ్వాలు, దువ్వెన పెట్టింది. గుమ్మం దగ్గర చెంప తడిమి, ఫోన్ కూడా చేయకు, నీ నోటి మీద నాకు నమ్మకం ఉంది, ఊపిరి మీద లేదు అంది.

మార్చి 19, బుధవారం

పక్క సీటావిడ మంచిది. ఎందుకొచ్చావని అడగలేదు. ఇంట్లో గొడవైందనుకుంటోంది. ఆడపడుచు, వదిన అనగానే జనం అలాగే అనుకుంటారు. ఇవాళ తనంతట తనే, ఎంతైనా వదిన వదినేనమ్మా, ఒక మాట పడితే పోలా అని బుజ్జగించింది. వదిన కోసమే వచ్చానని చెబితే అర్థం కానట్టు చూసింది.

మార్చి 21, శుక్రవారం

నిద్ర లేచేసరికి ఒక పాత సంగతి గుర్తొచ్చింది.

వదిన మా ఇంటికొచ్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు. అమ్మ పోయి రెండేళ్ళు. నేను ఆమెతో సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. ఆ ఏడే నాకు తట్టు పోసింది. వారం రోజులు కళ్ళు తెరవద్దన్నాడు డాక్టరు. మొదటి రోజు మధ్యాహ్నం వదిన ఇంత లావు బ్రెయిలీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నా మంచం పక్కన కూర్చుంది. చదవడం మొదలుపెట్టింది. కాగితం మీద వేళ్ళు కదిలే చప్పుడు ముందు, మాట తర్వాత. వారం రోజులూ మేమిద్దరం చూపు లేనివాళ్ళమే. కళ్ళు తెరవొచ్చని డాక్టరు చెప్పాక కూడా ఒక పూట మూసుకునే ఉన్నాను, కథ పూర్తి కాలేదని.

ఈ ప్రాజెక్టులో ఎందుకు చేరావని ఎవరడిగినా ఏదో సాంకేతిక కారణం చెబుతుంటాను.

మార్చి 24, సోమవారం

అన్నయ్య డ్యూటీ మధ్యలో ఆసుపత్రికి వచ్చాడు. ఉతికిన బట్టలు ఇచ్చాడు. వెళ్ళబోతూ ఆగాడు. అంతా నడుస్తోందట, వరసలు వస్తున్నాయట. ఒక్క గ తప్ప.

గ ఉంటే ఆ వరస మొత్తం పడిపోతోందట. గాలి అని రాస్తే పోయింది. గది అని రాస్తే పోయింది. గడియారాన్ని ఆయన పేరుతో పలకరించడానికి కూడా లేదు. నాలుగు రోజులుగా ఇద్దరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. ఆయన రాసింది మూడుసార్లు చెరిపి మళ్ళీ రాశాడు.

నా ఊపిరి ఆగిపోయింది. అన్నయ్య చూశాడు.

"నీకు తెలుసా?"

"నన్నడక్కు అన్నయ్యా."

"సరే. మలుపు నీకు తెలుసు, స్టీరింగ్ మీ వదిన చేతిలో ఉంది. నేను మాత్రం ఇంటికెళ్ళి నిన్ను కలవలేదనే చెబుతాను."

భుజం తట్టి వెళ్ళిపోయాడు. అన్నయ్య మొహం కూడా బస్సు బోర్డే. వదిన చూడలేదు కాబట్టి సరిపోయింది.

మార్చి 25, మంగళవారం

గ ఎందుకు పడిపోతోందో నాకు తెలుసు. కిట్‌లో ముప్పై రెండో పేజీ, కింది నుంచి మూడో పేరా. ఒకే ఒక్క వాక్యం.

ఈ డైరీలో కూడా రాయను.

మార్చి 26, బుధవారం, మధ్యాహ్నం 1.20

క్యాంటీన్‌లో ఫోన్ తీసి ఆ వాక్యం వదినకి టైప్ చేశాను. ఎనిమిది మాటలు. పంపితే ఈ సాయంత్రానికి పని అయిపోతుంది. సోమవారం తర్వాత తను రేఖాగణితం దిద్దుకుంటుంది. పంపకపోతే ఫోన్లు ఎత్తుతూ, నమస్కారం, ఎవరు కావాలండీ అంటుంది. ఆ గొంతులో ఆ మాట ఊహించుకోలేకపోయాను.

ఒక్కో అక్షరం చెరిపాను. తను నన్ను నమ్మింది నోటి విషయంలోనే కదా.

సాయంత్రం 5.00

చెరిపి తప్పు చేశానేమో. మనిషి కన్నా లైసెన్సు ఎక్కువా అని రోజంతా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. వదినని అడిగితే వెంటనే చెప్పేది, కానీ ఇప్పుడు అడగడానికి వీల్లేనిది ఆ ఒక్క మనిషినే.

మార్చి 27, గురువారం

వదిన ఫోన్ చేసింది. నేను వార్డులో ప్రింటర్ కింద దూరి ఉన్నాను. ఇప్పుడు నువ్వు ఎంతైనా ఊపిరి పీల్చుకోవచ్చు, గడియారానికి పంపేశాను అంది.

జరిగింది ఇది. పొద్దున ఆశ వదిలేసుకుని గడియారానికి ఉత్తరం రాయబోయిందట: పని అవలేదని చెప్పడానికి సిగ్గేస్తోంది అని. గడియారం పంపిన కొత్త డ్రైవర్ మీదే రాస్తోంది. ఆ వరస పడిపోలేదు. సిగ్గు అన్న మాటలో గ ఉంది, ఒకటి కాదు రెండు, అయినా వరస నిలబడే ఉంది. వేలితో మళ్ళీ తడిమింది. రెండు గ లకి ఒకటే గ వచ్చింది.

రెండు ఇస్తే ఒకటి వస్తోంది. ఒకటి ఇస్తే చచ్చిపోతోంది. అంటే ఒక గ కావాలంటే రెండు పంపాలి.

అయితే పాత కంప్యూటర్ కూడా రెండుసార్లు పంపుతూ ఉండాలి కదా, మరి నా నోట్సులో ఎందుకు లేదని, ఆ ప్రోగ్రామ్ రాసిపెట్టిన అంకెల జాబితా, అసలు లాగ్, మళ్ళీ విన్నదట. ఉంది. గ లోని చుక్కల అంకెలన్నీ కలిపితే ఇరవై ఏడు. ప్రతిచోటా హెడ్‌ఫోన్‌లో ఇరవై ఏడు, ఇరవై ఏడు అని రెండుసార్లు పలుకుతోంది. మొదటి రోజే విన్నదట. ఆ చదివే గొంతు నత్తి కొడుతోందనుకుని, శుభ్రంగా రాసేటప్పుడు ఒకటి కొట్టేసిందట.

"రెండుసార్లు పడిన అక్షరాన్ని కొట్టేయడమే కదే పదహారేళ్ళుగా నా పని. చెయ్యి దానంతటదే కొట్టేసింది. ఆ పాపిష్టి యంత్రానికి తప్పే ఒప్పని నాకెలా తెలుస్తుంది?"

నవ్వుతోంది. తర్వాత నవ్వడం లేదు. నేను ప్రింటర్ కిందే ఉండిపోయాను. నర్సు వంగి చూసి, బాగైందా అంది. అయిందన్నాను.

మార్చి 28, శుక్రవారం

సాయంత్రం 4.40కి గడియారం పంపాడు. టైముకి. పెద్దాయన వదిన నోట్సూ, లాగ్ ఫైళ్ళూ, కోడూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో వరసా సరిచూశారు. 5.35కి ఆయనే ప్రోగ్రామ్‌లో కలిపారు. నేను ఆఫీసులో కుర్చీ మీద కూర్చుని, ఏమీ ముట్టుకోకుండా, తెర వంక చూస్తున్నాను. ఏడేళ్ళలో మొదటిసారి.

కలిపేశాక ఆ ఫైలు అందరిదీ. పైన నాలుగు వరసలు చదవడానికి పెద్దాయన నాకు పర్మిషన్ ఇచ్చారు. హక్కుదారులు: వదిన పూర్తి పేరు, గడియారం అసలు పేరు. దాని కింద మా లైసెన్సు. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. నాలుగో వరస వదిన చివరి నిమిషంలో పెట్టించిందట. ఇందులో రహస్యమేమీ లేదు, ఉండనిద్దామని పెద్దాయన అన్నారట.

కృతజ్ఞతలు: పన్నెండు రోజులు ఇంటికి రాకుండా ఉన్న మా ఆడపడుచుకి.

ఆరింటికి సంచి తీసుకుని బయల్దేరాను. పక్క సీటావిడ గుమ్మం దాకా వచ్చి, రాజీ అయ్యారా అంది. అయ్యామండీ అన్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం

ప్రెస్సుకి సెలవు పెట్టి వెళ్ళాను, వదిన వద్దన్నా. కంప్యూటర్లాయన ప్యాకేజీ పెట్టాడు, పలక వైరు తగిలించాడు. నలభై గళ్ళూ ఒక్కసారి లేచాయి. వదిన రేఖాగణితం ఆరో పాఠం తెరిచింది. గదిలో అందరూ నిలబడి చూస్తుంటే, పనుల్లేవా మీకు అంది. సూపర్‌వైజర్ గారితో సహా అందరూ వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. కాసేపటికి, నువ్వు కూడా అంది.

ఏప్రిల్ 17, గురువారం

వదిన ఫైల్లో, పైన రాసిన వివరణలో ఒక దీర్ఘం పోయింది. సరిచేసి పంపాను. అరగంటలో తిరిగొచ్చింది. తిప్పి పంపడానికి కారణం అన్న చోట వదిన ఇలా రాసింది: తప్పు నిజమే. నువ్వు దిద్దకూడదు. నేను దిద్దుకున్నాను. భోజనానికి రా.